మెంబరమ్మ అడిగిన గజం జాగా

మొన్న బజారులో వంకాయలు ఏరుకుంటున్నాను. గరివిడి వైపు నుంచి రోజూ బస్సులో బుట్ట వేసుకొచ్చే ఆమె తక్కెడ పైకెత్తి పట్టుకునే, "మీ మెంబరమ్మ పోనాది, తెలుసా?" అంది.

"ఎప్పుడు?" అన్నాను.

"అమాస ఎల్లిన మర్నాడు. నిద్దట్లోనే ఎలిపోనాది, మహాతల్లి. ఎవలిసేతా సాకిరీ సేయించుకోనేదు."

తర్వాత వంకాయల్లో పుచ్చులున్నాయో లేవో నేను చూసుకోలేదు. ఆమె తూచినవి తూచినట్టు సంచీలో వేయించుకుని ఇంటికొచ్చి, పెరట్లో గట్టు మీద కూర్చున్నాను. మా ఆయన వచ్చి ఏమైందని అడిగాడు. నాకు తెలిసినావిడ ఒకరు పోయారని చెప్పాను. చుట్టమా అన్నాడు. కాదన్నాను. మరెవరు అంటే చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే మా నాన్న గురించి కూడా చెప్పాలి.

ఆవిడ అసలు పేరు మా వీధిలో సగం మందికి తెలియదు. నాకు తెలుసు గాని, ఆ పేరుతో ఎప్పుడూ పిలవని నేను ఇప్పుడు రాయడం బాగుండదు. విజయనగరంలో మా వీధి మొత్తానికి ఆవిడ మెంబరమ్మ. అరవైల చివర్లో మున్సిపల్ కౌన్సిల్లో ఆడమనిషి ఒకరైనా ఉండాలన్నారు. ఎవరిని వెయ్యాలా అని పెద్దలు చూసి, గోగునార వ్యాపారం చేసే షావుకారు గారి భార్యను వేశారు. ఆయన మాట ఊళ్ళో చెల్లుతుంది, ఆయన ఇంట్లోంచి వచ్చిన మనిషి నోరెత్తదు అనుకున్నారు. ఆవిడే ఆ మాట చెప్పుకుని నవ్వేది.

"నన్నెందుకేసినారో తెలుసా తల్లీ? కుర్సీ కాళీగా ఉంటే సూడ్డానికి బాగోదని."

ఆవిడ గొంతు బొంగురు. ఎప్పుడూ బుగ్గలో ఒక కరక్కాయ ముక్క ఉండేది. కోపం వస్తే అందరూ గొంతు పెంచుతారు. ఆవిడ తగ్గించేది. ఎంత తగ్గించేదంటే, ఎదుటివాళ్ళు అరవడం ఆపి ముందుకు వంగి వినాల్సి వచ్చేది. అలా వంగాక ఇంక ఎవరూ పోట్లాడలేకపోయేవారు.

నడక ఇంకా వింత. ఆ రోజుల్లో ఆడవాళ్ళం గోడ వార నడిచేవాళ్ళం. ఆవిడ రోడ్డుకి నట్టనడుమ, మగవాళ్ళు వేసుకునే తోలు చెప్పులు వేసుకుని, టపటపమని చప్పుడు చేసుకుంటూ వచ్చేది. వెనక రిక్షావాడు గంట కొడితే తిరిగి చూసి, "ఏ పక్కకి తప్పుకోమంటావు నాయినా, సూపించు. పక్కలన్నీ అరుగులే కదా" అనేది. వాడు నిజంగానే ఇటూ అటూ చూసి, దిగి రిక్షా నడిపించుకుంటూ ఆవిడ వెనకాలే వచ్చేవాడు.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. మా వీధి గంట స్తంభం వైపు నుంచి స్టేషన్ వైపు పోయే అడ్డదారి. పేరుకి వీధి గాని, సందుకి కాస్త ఎక్కువ. రెండు వైపులా అరుగులు, అరుగుల ముందు మూత లేని మురుగు కాలువ. సరిగ్గా షావుకారు గారి గోదాం దగ్గర వీధి మోచేయి మడిచినట్టు తిరిగేది. ఆ మలుపు లోపలి మూలలో గోదాం ముందు సరుకు దింపుకునే పెద్ద రాతి దిమ్మ, ఎదటి మూలలో మున్సిపాలిటీ కుళాయి, దాని చుట్టూ బిందెలు. మా ఇల్లు ఆ కుళాయి పక్కనే.

నెల్లిమర్ల మిల్లుకి పోయే నార బళ్ళు అటే వచ్చేవి. బండికి ఇరువైపులా పొంగిపొర్లుతూ, ఇంటి చూరుల్ని రాసుకుంటూ, ఏనుగు నడిచొస్తున్నట్టు వచ్చేది లోడు. ఎదురుగా స్టేషన్ నుంచి బస్సు. మధ్యలో జట్కాలు, సైకిళ్ళు. ఆ మలుపు దగ్గర రోజూ అన్నీ ఆగిపోయేవి. బస్సు డ్రైవరు దిగేవాడు, బండివాడు దిగేవాడు, ముందు నువ్వు వెనక్కి పోనీ అంటే నువ్వు పోనీ అనేవాళ్ళు. వాళ్ళిద్దరి కోపమూ చివరికి ఎద్దుల మీదకే పోయేది. లోడుతో వెనక్కి నడవలేక, కాలువలో కాలు దిగబడి, అవి దెబ్బలు తినేవి.

మెంబరమ్మ కాపురం ఆ గోదాం మీది మేడలో. "పెళ్ళయి ఈ మేడెక్కినకాడి నుంచి ఆ దెబ్బలే ఇంటన్నాను. అన్నం తింటన్నా అవే, పడుకున్నా అవే. గొడ్డు తప్పేటి? మూల తప్పు" అనేది.

కౌన్సిల్లో మగవాళ్ళు ఊరి బయటి నుంచి పెద్ద రోడ్డు వెయ్యాలని ఉపన్యాసాలు చెప్పుకునేవారు. ఆవిడ లేచి, పెద్ద రోడ్డు మీరు వేసుకోండి, ఈలోగా ఆ కుళాయిని ఈ వైపు నుంచి ఆ వైపుకి మార్చండి, కాలువ మీద రాతి పలకలు పరవండి, మలుపు దగ్గరున్న ఇళ్ళవాళ్ళు అరుగులోంచి ఒక్కొక్క గజం జాగా వదలండి, అంతే అంది. నవ్వారట. నవ్వుతూనే, ఇళ్ళవాళ్ళు ఒప్పుకుంటే అలాగే కానివ్వమని తీర్మానం రాసేశారట. ఆ నవ్విన సంగతి మా నాన్నే ఇంటికొచ్చి చెప్పాడు. నాన్న అదే మున్సిపాలిటీలో ఓవర్సీరు. ఆవిడ అడిగినదంతా ఆయన ఎప్పటి నుంచో మనసులో అనుకుంటున్నదే. పైవాళ్ళకి చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాడు.

ఆవిడ ముందు తన ఇంట్లోనే అడిగింది. నాన్న, ఇంకో ఇద్దరు వీధి పెద్దలు ఉండగా, గోదాం ముందు దిమ్మ తీయించమని షావుకారు గారిని అడిగింది. ఆయన పొడుం పీల్చుకుంటూ, "ఈదిలో అందరూ ఇస్తే నేనివ్వనా? ముందు ఆళ్ళని అడిగి రా" అన్నారు. ఎవరూ ఇవ్వరన్న నమ్మకంతో అన్న మాట అది. ఆవిడ మాటని మాటగానే పట్టుకుని బయల్దేరింది.

మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అరుగు మీద మా మామ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"మామ్మగారూ, కాస్త జరగండి, కూసుంటాను."

"కూసో అమ్మా. ఏటి పనిమీద వచ్చినావు?"

"మీ అరుగు అడుగుదామని."

"అడగడమేటి, కూసోమన్నాను కదా."

"కూసోడానికి కాదు మామ్మగారూ. కొట్టడానికి."

మామ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. అది మా తాత కట్టించిన అరుగు. మా నాన్నకి పసితనంలో నలుగు పెట్టి ఎండలో పడుకోబెట్టింది అక్కడే. తాత పోయాక మామ్మకి ప్రపంచమంటే ఆ అరుగూ, అరుగు మీద నుంచి కనిపించే మనుషులూ. "నేను పోయాక కొట్టుకోండి" అంది.

మెంబరమ్మ వాదించలేదు. ఇంకో గుప్పెడు చిక్కుడుకాయలు ఒళ్ళో వేసుకుని ఈనెలు తీసిపెట్టి వెళ్ళిపోయింది. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అరుగు మాట ఎత్తేది కాదు. కూరలు తరిగేది, మామ్మ చెప్పే పాత కబుర్లు వినేది. వీధిలో ప్రతి ఇంటి దగ్గరా ఆవిడ పద్ధతి అదే. ఏ అరుగు అడగాలో ఆ అరుగు మీదే కూర్చునేది.

ఒకరోజు అలా ఇద్దరూ కూర్చుని ఉండగానే మలుపు దగ్గర బండి ఇరుక్కుంది. తెల్లెద్దు ఒకటి ముందు కాళ్ళు మడిచి కాలువలోకి కూలబడింది. బండివాడు దాన్ని లేపడానికి ములుకోలతో పొడుస్తున్నాడు.

"ఒరే ఒరే, సంపేస్తావేట్రా దాన్ని!" అని మామ్మ కేకేసింది.

వాడు ఏడుపు గొంతుతో, "మరేటి సెయ్యమంటావు మామ్మా? నీ అరుగు మీదికి ఎక్కించమంటావేటి?" అన్నాడు.

మెంబరమ్మ లేచింది. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కాలువలోకి దిగి ఎద్దు మెడ కింద చెయ్యి వేసింది. షావుకారు గారి భార్య మురికి కాలువలో నిలబడితే చూస్తూ ఊరుకోలేక మగవాళ్ళు నలుగురూ వచ్చి కాడి ఎత్తారు. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి రాగానే మామ్మ, "కొట్టించీరా. ఏడుపేదో ఒక్కరోజుతో అయిపోద్ది" అంది.

మా అరుగు పోయాక మిగతా వీధి కదిలింది. దర్జీ తన మిషను లోపలికి జరుపుకున్నాడు. కొట్టు ముందు తాటాకు పందిరి ఉన్నవాళ్ళు పందిరి పీకారు. కుళాయి ఆ వైపుకి మారింది. కాలువ మీద రాతి పలకలు పడ్డాయి. వీధి నిండా సున్నం దుమ్ము. మామ్మ గడప లోపల పీట వేసుకుని, ఆ దుమ్ములోకి చూస్తూ, కళ్ళు తుడుచుకుంటూ కూర్చునేది.

పని గోదాం దాకా వచ్చి ఆగింది.

షావుకారు గారు కాదని అనలేదు. ఆయన అలా అనే మనిషి కాదు. చైర్మన్ గారి ఇంటికి ఒకసారి వెళ్ళొచ్చారు. మర్నాడు చైర్మన్ గారు నాన్నని పిలిచి, దిమ్మ జోలికి పోవద్దు, రాతి పలకలు దాని చుట్టూ తిప్పి వేసెయ్యి అన్నారు. నాన్న తిప్పి వేసేశాడు. అరుగులన్నీ పోయి వీధి వెడల్పయింది కదా, బళ్ళూ బస్సులూ ఇంకాస్త వేగంగా వచ్చి ఆ దిమ్మ దగ్గర మునుపటి కంటే గట్టిగా ఇరుక్కునేవి.

అప్పటి నుంచి వీధి నోరు లేచింది. కొత్త చోట కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు, మేడ మీదకి వినిపించాలనే, "ఊరోళ్ళ అరుగులన్నీ మింగీసి, ఇంటికాడ దిమ్మ దాసుకున్నాదమ్మా మారాణీ" అనేవాళ్ళు. మా మామ్మ కూడా అంది. మా అమ్మా అంది. నేను అనలేదు గాని, అంటుంటే నవ్వాను.

ఆవిడ నడక మారిపోయింది. అది చూడలేకపోయేదాన్ని. చెప్పుల చప్పుడు లేదు. పమిట తల మీదకి లాక్కుని, అందరిలాగే గోడ వార, ఇప్పుడు అరుగులు లేని ఆ గోడల వార, తల వంచుకుని వచ్చేది. ఎవరి ఇంటి ముందూ ఆగేది కాదు. ఒకనాడు గుడికి పోతుంటే ఎదురుపడ్డాను.

"మీ మామ్మ ఎక్కడ కూసుంటన్నాది ఇప్పుడు?" అంది.

"లోపల, పీట మీదండీ."

"నన్ను తిడతన్నాదా?"

"లేదండీ."

"తిట్టమను తల్లీ. తిట్టకపోతే నాకు మరీ సిగ్గుగా ఉంటాది." బుగ్గలో కరక్కాయ ముక్కని ఇటు నుంచి అటు మార్చుకుంది. "మాట ఇచ్చినోడు ఆయన. అడిగిందాన్ని నేను కదా. ఎవల మొకం సూసినా అరుగే అవుపిస్తన్నాది."

తర్వాత ఒక ఆదివారం ఉదయం నాన్న ఆవిడని మా ఇంటికి రమ్మని కబురు పెట్టాడు. నేను నడిమింట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ముందు గదిలో మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"షావుకారు గారు నార బేరానికి కలకత్తా ఎల్తన్నారట కదమ్మా?" అన్నాడు నాన్న.

"అవును. వచ్చేవారం."

"రోడ్డు అంచుకి ప్లానులో మొదట వేసిన గీత ఇంకా రద్దు కాలేదండి. కౌన్సిలు ఒప్పుకున్నది ఆ గీతే. ఆపింది నోటి మాట మీద. ఆయన ఊళ్ళో లేనప్పుడు, ఇంట్లో మనిషి మీరు సరేనంటే, నా గ్యాంగుని పంపించి ఒక్క పూటలో తీయించేస్తాను."

ఆవిడ, ఆ తగ్గిన గొంతుతో, "మీకేటైనా మాటొస్తాదేమో బాబూ. పిల్లలున్నోరు" అంది.

"అది నేను సూసుకుంటానమ్మా. నేనున్నాను కదా."

బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని నేను పొంగిపోయాను. మా నాన్న అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఎవరితోనూ, మాతో కూడా.

దిమ్మ కొట్టిన రోజు మా వీధిలో తిరనాళ్ళలా ఉంది. పొద్దున్నే నాన్న గ్యాంగు మేస్త్రీ, కూలీలు గునపాలతో వచ్చారు. మెంబరమ్మ మేడ దిగి వచ్చి, దిమ్మకి చేత్తో దణ్ణం పెట్టి, పక్కకి జరిగింది. మొదటి రాయి కదిలేదాకా అందరూ తలుపు సందుల్లోంచి చూశారు. కదలగానే దర్జీ మిషను వదిలి వచ్చాడు. పందిరి పీకుకున్న కొట్టతను పార తెచ్చాడు. ఆడవాళ్ళు రాళ్ళు అందించుకున్నారు. కుళాయి దగ్గర ఆవిడని తిట్టినవాళ్ళే. మా మామ్మ గడప దాటి వచ్చి, మోయలేక మోయలేక ఒక రాయి పొట్టకి ఆనించుకుని తీసుకెళ్ళి కుప్పలో వేసింది. నాన్న పంచె పైకి కట్టి, గీత ఉన్న ప్లాను పట్టుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అరుస్తున్నాడు.

మధ్యాహ్నం స్టేషన్ నుంచి బస్సు వచ్చింది. డ్రైవరు అలవాటు ప్రకారం మలుపు ముందు ఆపబోయి, ఎదర ఏమీ అడ్డం లేకపోవడం చూసి, నమ్మలేనట్టు మెల్లిగా తిప్పాడు. బస్సు తిరిగిపోయింది. డ్రైవరు సంతోషం పట్టలేక హారన్ మీద చెయ్యి తియ్యలేదు. వెనకనే నార బండి వచ్చింది. ఎడ్లు ఆగలేదు. వాటి పాటికి అవి, తల ఊపుకుంటూ, మలుపు తిరిగి వెళ్ళిపోయాయి.

మెంబరమ్మ రోడ్డు నట్టనడుమ నిలబడి ఉంది. నెత్తి నిండా సున్నం. ఆ బొంగురు గొంతుతో పెద్దగా నవ్వుతోంది. అంతకు ముందు ఆవిడ గొంతెత్తి నవ్వడం నేను చూడలేదు. ఆ తర్వాత చూసే వీల్లేకపోయింది.

షావుకారు గారు కలకత్తా నుంచి వచ్చి రిక్షా మలుపు దగ్గరే దిగారు. అరవలేదు. లోపల్నించి కుర్చీ తెప్పించుకుని, దిమ్మ ఉన్న చోట వేసుకుని కూర్చుని, వీధిలో మనుషుల్ని పిలిపించారు. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళాడు. మామ్మా, నేనూ మా వీధి తలుపు వెనకాల నిలబడ్డాం. అరుగు లేదు కాబట్టి అంతా దగ్గరగా కనిపిస్తోంది. మెంబరమ్మ మేడ మెట్ల దగ్గర గోడకి ఆనుకుని ఉంది.

"ఓవర్సీరూ, ఎవల ఆర్డరు మీద కొట్టినారిది?"

"ఆర్డరేటీ లేదు బాబూ" అన్నాడు నాన్న.

"మరి కూలీలు మున్సిపాలిటీ వాళ్ళేనా?"

నాన్న పై గుండీ పెట్టుకున్నాడు. ఇప్పుడు చెబుతాడు, గీత గురించి చెబుతాడు, నేనే పంపించానంటాడు అనుకున్నాను.

"మా ఆఫీసుకి ఏటీ సంబంధం లేదు బాబూ. నాకు తెలీదు. అమ్మగారే ఎక్కణ్ణించో మనుషుల్ని..." అని ఆపేశాడు.

మెంబరమ్మ నాన్న వైపు చూసింది. కోపంగా కాదు. జనంలో తెలిసిన మనిషి కనిపించాడనుకుని, తీరా చూస్తే కాదని తెలిసినప్పుడు చూస్తామే, అలా చూసింది. తర్వాత, గొంతు తగ్గించి, "అవును. ఓవర్సీరు గారికి తెలీదు. మా అన్నయ్య గారి ఊరి నుంచి నేనే మనుషుల్ని పిలిపించినాను" అంది.

షావుకారు గారు మిగతావాళ్ళ వైపు తిరిగారు. "మీరెవలూ సూడనేదా?"

దర్జీ తన మిషను చప్పుడులో ఏమీ వినపడలేదన్నాడు. కొట్టతను ఆ రోజు సరుకుకి వెళ్ళానన్నాడు. ఒకాయన తన కళ్ళు సరిగా ఆనవన్నాడు. వాళ్ళ చేతుల మీద బొబ్బలు ఇంకా మానలేదు.

"ఈళ్ళెవలూ లేరు ఆ దినం" అంది మెంబరమ్మ. "ఈదంతా కాళీ. పని నాది."

నాన్న ఇంట్లోకి రాగానే మామ్మ ఆయన ముందు నిలబడింది. "ఆడదాని సీర సాటున దాక్కున్నావురా" అంది. నాన్న పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. ఆ రాత్రి నుంచి మామ్మకి ఆయన ఎదురుగా అన్నం సయించేది కాదు. కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

షావుకారు గారు దిమ్మ మళ్ళీ కట్టించలేదు. ఆయన నార బళ్ళు కూడా అదే మలుపు తిరగాలి, ఇప్పుడు చకచకా తిరుగుతున్నాయి. కొన్నాళ్ళకి చైర్మన్ గారే వచ్చి, ప్రజల సౌకర్యం కోసం స్వచ్ఛందంగా స్థలం ఇచ్చినందుకు షావుకారు గారికి మలుపు దగ్గర సన్మానం చేశారు. శామియానా వేశారు. దండల పళ్ళెం పట్టుకున్నది మా నాన్న. వీధంతా చప్పట్లు కొట్టింది. మేడ మీద కిటికీ తలుపులు వేసి ఉన్నాయి. అప్పటికే ఆవిడ చేత మెంబరు పదవికి రాజీనామా ఇప్పించారు. ఒంట్లో బాగోలేదని గరివిడి దగ్గర అన్నగారి ఊరికి పంపిస్తారని అనుకున్నారు.

పంపించిన రోజు పొద్దున్న జట్కాలో ఒక ట్రంకు పెట్టె ఎక్కించడం చూశాం. వెళ్ళి ఒక మాట చెప్పాలని అమ్మ అంది. మామ్మ చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. నాన్న పేపరు మడిచి, చెప్పుల కోసం చూశాడు. మునుపైతే ఆ మలుపు దగ్గర ఏ జట్కా అయినా ఆగాల్సిందే, దానిలో మనిషితో ఇంటి గుమ్మంలోంచే కబుర్లాడేవాళ్ళం. ఆ రోజు జట్కా ఎక్కడా ఆగలేదు. మేం బయటికి వచ్చేసరికి దుమ్ము కూడా అణిగిపోయింది.

మరుసటి ఏడు నాకు పెళ్ళి కుదిరింది. శుభలేఖలు పంచుతూ నాన్న ఒకటి పక్కన పెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం, "గరివిడి దాకా తోడు రామ్మా" అన్నాడు. బస్సు దిగి పొలాల గట్ల మీద చాలా దూరం నడిచాం. దారి పొడుగునా నాన్న జేబులో శుభలేఖ తడుముకుంటూనే ఉన్నాడు.

మెంబరమ్మ ఇంటి ముందు పెణక చూరు కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మనిషి చిక్కింది. మమ్మల్ని చూసి లేచి, తనే చాప పరిచింది. నన్ను దగ్గరికి తీసుకుని, కుర్రాడేం చేస్తాడు, అత్తగారు బతికి ఉందా, అని అడిగింది. మామ్మ గురించి అడిగింది. నాన్న శుభలేఖ ఇచ్చాడు. ఇచ్చి, చాప మీదే రెండు చేతులూ ఆనించి, తల వంచాడు.

"ఆ దినం నేను అబద్ధమాడినానమ్మా. పని సెప్పింది నేను, మనుషుల్ని పంపించింది నేను. భయపడిపోయి మిమ్మల్ని ఒగ్గేసినాను. అప్పట్నుంచి నాకు..." ఆయన కన్నీళ్ళు చాప మీద పడ్డాయి. మా నాన్న ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆవిడ చింతపండు చేతిని కొంగుకి తుడుచుకుంది. "ఇది నాతో సెప్పడమెందుకు బాబూ? నాకు తెలిసిందే కదా. తెలీంది ఆయనకి. నేను ఆయన ఎనకాల పై ఊరి కూలీల్ని పోగేసినానని, ఆయన పరువు తీసినానని ఆయన నమ్మతన్నాడు. ఎల్లి ఆయనకి సెప్పండి."

నాన్న చాప అంచు సరిచేశాడు.

"సెప్తారా?"

"ఇంకా సర్వీసుందమ్మా. ఈ పిల్ల పెళ్ళి..."

"అవును, పెళ్ళుంది" అంది ఆవిడ. ఆ గొంతులో ఎత్తిపొడుపు కోసం వెతికాను. లేదు. నా వైపు తిరిగి, "నువ్వూ ఇన్నావు కదే, ఆ ఆదివారం? నడిమింట్లో సేట సప్పుడయింది" అంది.

తల ఊపాను.

"సరే, మజ్జిగ తాగండి. ఎండన పడి వచ్చినారు" అని లేచి లోపలికి వెళ్ళింది. ఆవిడ తెచ్చిన మజ్జిగ ఇద్దరం తాగాం. తాగి వచ్చేశాం.

పెళ్ళికి ఆవిడ రాలేదు. షావుకారు గారు వచ్చారు. ముందు వరసలో కుర్చీ వేశారు. అక్షింతలు వేసి దీవిస్తే, మా ఆయనా నేనూ వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాం. వెళ్ళబోతూ, ఆయన తన పక్కనున్న నాన్న భుజం మీద చెయ్యి వేసి, సన్నాయి చప్పుడులో వినపడదని, చెవి దగ్గరికి తెచ్చి, "ఏటి ఓవర్సీరూ, ఏదో సెప్దామనుకుంటన్నట్టున్నావు?" అన్నారు.

నాన్న ఆయన చెవిలోకి వంగాడు. నేను పీటల మీద నుంచి చూస్తున్నాను. నాన్న పెదవులు కాసేపు తెరుచుకునే ఉన్నాయి.

"భోజనం సేసి ఎల్లండి బాబూ" అన్నాడు.